గ్రాండ్‌మాస్టర్‌తో సైమల్: డ్రా కోసం పావులు మార్చుకుంటూ పోవచ్చా?

ఒంగోలు మాస్టారు:
అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం మా ఊళ్లో ఒక చెస్ గ్రాండ్‌మాస్టర్ 25 బోర్డుల మీద సైమల్ ఆడుతున్నారు, అంటే ఆయనొక్కరే చుట్టూ తిరుగుతూ 25 మందితో ఒకేసారి ఆడతారు. నాకు 14వ బోర్డు వచ్చింది. వయసు 46, హైస్కూల్లో లెక్కలు చెబుతాను. చిన్నప్పుడు మా నాన్న గచ్చు మీద సుద్దముక్కతో గళ్లు గీసి నేర్పిన ఆట. టోర్నమెంట్లు ఆడింది నాలుగైదే. గెలుస్తానని కాదు గానీ డ్రా మాత్రం కావాలి, చాలా గట్టిగా కావాలి. అన్ని బోర్డుల మీదా ఆయనవే తెల్లపావులు. క్యారోకాన్ (నల్లపావులవాళ్లు ఆట మొదలుపెట్టే ఒక పద్ధతి) ఆడి, వీలైనప్పుడల్లా పావుకి పావు కొట్టి మార్చేసుకుంటే బోర్డు ఖాళీ అయి డ్రా అయిపోతుందని మా స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా? సైమల్ ఆడినవాళ్లు చెప్పండి.

బెజవాడ నల్లరూక్:
మాస్టారూ, అలవాటుంటే క్యారోకాన్ ఆడండి. పావులు మార్చుకుంటూ పోవడం మాత్రం వద్దు. నేను అదే చేసి ఓడాను.

మాదీ 25 బోర్డుల సైమలే. మొదట్లో ఆయన ఒక చుట్టు తిరిగి నా దగ్గరికి రావడానికి ఆరేడు నిమిషాలు పట్టేది. హాయిగా ఆలోచించుకున్నాను. నలభయ్యో ఎత్తు దాటేసరికి క్వీన్లు పోయాయి, గుర్రాలు పోయాయి, రూక్ ఎండ్‌గేమ్ మిగిలింది, అంటే రాజులు, రూక్‌లు (ఏనుగులు), బంట్లతో ఆట చివరి దశ. ఆయనకి ఒక బంటు ఎక్కువ, అయినా డ్రా పొజిషనే. అప్పటికే ఇరవై బోర్డులు లేచిపోయాయి. అసలు సంగతి ఇక్కడే ఉంది. బోర్డులు తగ్గేకొద్దీ ఆయన తొందరగా వచ్చేస్తారు. ఆరు నిమిషాలు కాస్తా ఒక్క నిమిషం అయింది. నేను లెక్క మొదలుపెట్టేలోపే బల్ల అంచున ఆయన వేళ్లు కనపడేవి. ఆయన వచ్చినప్పుడు ఎత్తు వేయకుండా ఆ చుట్టు వదిలేయడానికి మాకిచ్చిన పాస్‌లు మూడే, మూడూ అంతకుముందే వాడేశాను.

నా రాజు ఈ8లో, ఆయన బంటు ఈ5లో, రాజు ఎఫ్5లో (అక్షరం నిలువు వరుస, అంకె తెల్లపావుల వైపు నుంచి లెక్కపెట్టే అడ్డ వరుస). నా రూక్ ఏ6లో ఉంది. ఆయన రాజు ముందుకి రాకుండా అది ఆరో వరుసలోనే అటూ ఇటూ తిరగాలి. బంటు ఆరో వరుసకి వస్తే, అప్పుడు ఏ1కి దిగి వెనకనుంచి చెక్కులు. ఇంట్లో వందసార్లు పెట్టుకు చూసిన పొజిషన్. ఆయన వచ్చి నిలబడ్డారు. నా చెయ్యి రూక్‌ని పట్టుకుంది, ఏ8కి లాగేసింది. ఆయన రాజు ఈ6లోకి నడిచొచ్చింది. అంతే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకే చెబుతున్నా, పావులు బోర్డు మీదే ఉంచండి. అందరి ఆటా సాగుతుండగా, మీకు టైం ఉండగా, ఆయన్ని ఆలోచింపజేయండి. ఆయన దూరంగా ఉన్నప్పుడే ఎత్తు తేల్చుకోండి, ఆయన ఆడగల రెండు జవాబులకీ మీ జవాబు సిద్ధం చేసుకోండి. ఆయన వచ్చేదాకా పావు ముట్టకండి, ముడితే ఆడాల్సిందే. పాస్‌లు ఎన్నో ముందే అడిగి, చివరికి దాచుకోండి.

హన్మకొండ బిడ్డ:
అన్న చెప్పింది కరెక్టు. 2010ల హైదరాబాద్‌ల గణితవేత్తల అంతర్జాతీయ మహాసభ అయినప్పుడు ఆనంద్ సార్ 40 మందితోని ఆడిండ్రు. 39 గెలిచిండ్రు. మిగిలిన ఒక్క డ్రా చేసుకున్నది 14 ఏండ్ల పిల్లగాడు. 1922ల క్లీవ్‌లాండ్‌ల అప్పటి ప్రపంచ ఛాంపియన్ కాపాబ్లాంకా 103 బోర్డులు ఆడితే 102 గెలుపులు, ఒక్కటే డ్రా. అంటే డ్రా అనేది మస్తు పెద్ద ముచ్చట, మాస్టారు. కానీ దొరుకుతది. 2011ల టెహ్రాన్‌ల ఇరాన్ గ్రాండ్‌మాస్టర్ గయెం మగామీ 25 గంటలు 604 మందితోని ఆడిండు. 16 మంది డ్రా చేసిండ్రు, 8 మంది గెలిచిండ్రు కూడా.

ఒంగోలు మాస్టారు:
నల్లరూక్ గారూ, చుట్టు చిన్నదవుతుందన్న లెక్క నాకు తట్టనే లేదు. రోజూ పిల్లలకి కాలం-దూరం లెక్కలు చెప్పేవాణ్ణి! ఇందాకే మీ పొజిషన్ బోర్డు మీద పెట్టాను. మా అమ్మాయి తెల్లపావులు తీసుకుంది. ఫోన్లో నిమిషం అలారం పెట్టి ఆడాం. మొదటిసారి నేనూ రూక్‌ని ఏ8కే లాగాను. నాలుగోసారికి ఆరో వరుస వదల్లేదు.

ఒక్క అనుమానం. ఆయన బంటుని కదపకుండా ఊరికే రూక్‌ని అటూ ఇటూ జరుపుతుంటే, నేనూ అలాగే జరుపుతూ కూర్చోవచ్చా?

బెజవాడ నల్లరూక్:
కూర్చోవచ్చు మాస్టారూ. ఒకే పొజిషన్ మూడుసార్లు వస్తే డ్రా అడగండి. ప్రతి ఎత్తూ కాగితం మీద రాసుకోండి, చూపించాల్సి వస్తుంది. ఆదివారం రాత్రి ఇక్కడ రాయండి, ఎదురు చూస్తుంటాను.