‘మాయ’ నాటుమాటా? జరాయువు, ఉమ్మనీరు గురించి ఒక ప్రశ్న

అందరికీ నమస్కారం. ఒక మాట మీద మీ అభిప్రాయం కావాలి.

ఉప్పల్‌లో మా కాలనీ దగ్గర గర్భిణులకు నెలకోసారి క్లాసు జరుగుతుంది. దానికోసం ఒక చిన్న పుస్తకం తెలుగులో రాసిచ్చాను. ‘మాయ గర్భసంచి గోడకు అతుక్కుని ఉంటుంది’ అని నేను రాస్తే (మాయ అంటే డాక్టర్లు ప్లాసెంటా అనేది), అచ్చు వేయించినవాళ్లు మాయ కొట్టేసి జరాయువు అని పెట్టారు. కడుపులో బిడ్డ చుట్టూ ఉండే ఉమ్మనీరు తీసేసి ఉల్బద్రవం చేశారు. ఎందుకని అడిగితే, “మాయ అంటే నాటుగా ఉందండీ, పైగా భ్రమ అనుకుంటారు” అన్నారు.

ఆ పుస్తకాలే క్లాసులో పంచాం. డిగ్రీ చదివిన అమ్మాయి, ఏడో నెల, “జరాయువు అంటే గ్యాస్ లాంటిదా మేడం?” అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపే పక్కనున్న వాళ్లత్త “మాయ బిడ్డా, కాన్పయినంక పడ్తది సూడు, గది” అంది. అమ్మాయికి వెంటనే అర్థమైంది. నాకు మాత్రం ఆ రోజంతా మనసు బాగాలేదు.

మాయ అనే మాట ఒంటరిగా లేదు. ‘మాయ పడింది’, ‘మాయ పడలేదు’ అంటారు. బిడ్డ బయటికి వచ్చినా మాయ పడేదాకా కాన్పు పూర్తయినట్టు కాదని మంత్రసానులకు తెలుసు. ఇప్పటి వైద్యమూ అదే చెబుతుంది. మామూలుగా అరగంటలోపు మాయ పడాలి, పడకపోతే తల్లికి రక్తస్రావమై ప్రాణం మీదికి రావచ్చు. ‘ఇంకా మాయ పడలేదు’ అంటే ఇంట్లో అందరూ లేచి నిలబడతారు. ‘జరాయువు నిష్క్రమించలేదు’ అంటే ఎవరు కదులుతారు?

దాని పని తెలిస్తే ఆ మాట మీద గౌరవం ఇంకా పెరుగుతుంది. నెలలు నిండేసరికి మాయ సుమారు అరకిలో బరువుంటుంది, మందపాటి రొట్టెలా గుండ్రంగా ఉంటుంది. తల్లి రక్తం, బిడ్డ రక్తం అందులో పక్కపక్కనే పారతాయి గానీ కలవవు. మధ్యనున్న పల్చటి పొర గుండా ఆక్సిజన్, పోషకాలు బిడ్డకు వెళ్తాయి, వ్యర్థాలు తల్లివైపు వస్తాయి. ప్రెగ్నెన్సీ టెస్టులో రెండో గీత రావడానికి కారణమైన హార్మోను కూడా మాయగా మారబోయే కణాల నుంచి వచ్చేదే.

ఇక ఉమ్మనీరు. అన్నం వండాక మూతపెట్టి ఉమ్మగిలనిస్తాం కదా, ఆ ఉమ్మే ఇక్కడా ఉందని నాకు అనిపిస్తుంది. వెచ్చదనం, తేమ రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. నిజంగానే కడుపులో బిడ్డ ఒంటి వేడి తల్లి ఒంటి వేడి కంటే దాదాపు అర డిగ్రీ ఎక్కువ. బిడ్డ ఆ నీటిని మింగుతుంది, మూత్రంగా మళ్లీ వదులుతుంది. అయిదు నెలలు దాటాక ఉమ్మనీటిలో ఎక్కువ భాగం అదే. ఎనిమిదో నెల దాటేసరికి ముప్పావు లీటరుకు పైనే ఉంటుంది. ఇంత చక్కని మాట ఉండగా ఉల్బద్రవం ఎందుకండీ?

కామెంట్: నేను పదో తరగతికి జీవశాస్త్రం చెబుతాను మేడం. పరీక్షలో జరాయువు అనే రాయాలి. జరాయుజాలు (పిల్లల్ని కనేవి), అండజాలు (గుడ్లు పెట్టేవి) అనే పాత విభజన కూడా ఆ మాట వల్లే పిల్లలకు తేలిగ్గా ఎక్కుతుంది, దాన్ని పూర్తిగా వదలొద్దు. అలాగే ఇంటి మాటలన్నీ మంచివేనని అనుకోలేం. ‘కడుపు’ చూడండి. తిన్న అన్నమూ కడుపులోనే, బిడ్డా కడుపులోనే. “అన్నం బిడ్డ మీద పడదా సార్?” అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. అక్కడ గర్భసంచి అని విడిగా చెప్పక తప్పదు.

కామెంట్: మా అమ్మమ్మ ‘మావి’ అనేది. గేదె ఈనితే రాత్రంతా కొట్టం దగ్గరే కూర్చునేది, మావి పడిందో లేదో చూడ్డానికి. పశువుకూ మనిషికీ ఒకటే మాట కాబట్టి పట్నంలో నాటు అనిపిస్తోందేమో అక్కా.

నా జవాబు: తమ్ముడూ, నువ్వు చెప్పిందే అసలు కారణం అనుకుంటాను. కానీ గేదెకూ మనకూ ఉన్నది ఒకే అవయవం, చేసేదీ ఒకే పని. మాట ఒకటే అయితే తక్కువేముంది?

సార్, కడుపు విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. ఈసారి అచ్చులో ‘మాయ’ అనే ఉంటుంది, దాని పక్కనే ‘స్కాన్ రిపోర్టులో ప్లాసెంటా అని రాస్తారు’ అని చేరుస్తాను. రిపోర్టులో ‘ప్లాసెంటా యాంటీరియర్’ అని చూసి టెన్షన్ పడి వచ్చేవాళ్లున్నారు. మాయ గర్భసంచి ముందు గోడకు ఉందని, అది మామూలేనని చెబితే తేలికపడతారు. మాయ బాగా కిందికి ఉండి గర్భసంచి నోటిని మూసేస్తే అది వేరే సంగతి, అప్పుడు ఆపరేషన్ చేసే బిడ్డను తీయాలి. ఈ రెండింటి తేడా తల్లికి తన మాటల్లోనే తెలియాలి.

అండం గర్భసంచి వైపు వెళ్లే గొట్టం, అదే అండవాహిక, దానికి మాత్రం నాకు ఇంటి మాట దొరకలేదు. జనం ‘ట్యూబులు’ అంటున్నారు, ట్యూబులు ముడేశారు, ట్యూబులు మూసుకుపోయాయి అని. నేనూ అదే రాస్తాను. అండం, శుక్రకణం కలిసేది ఆ ట్యూబులోనే. అలా ఏర్పడిన పిండం గర్భసంచికి చేరడానికి ఆ తర్వాత ఇంకో మూడు నాలుగు రోజులు పడుతుంది. క్లాసులో ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ ఆశ్చర్యపోతారు. మీ ఇళ్లలో దానికి ఇంకేదైనా మాట ఉంటే చెప్పండి, వచ్చే నెల క్లాసులోపు చేరుస్తాను.