అప్‌డేట్: జావా అలవాట్లతో పైథాన్

పర్లాకిమిడిలో మా మామయ్య బియ్యం కొట్టు లెక్కల ప్రోగ్రామ్‌ని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలోకి మారుస్తుంటే అంతా నాకు అలవాటైన జావా భాషలాగే వస్తోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. గెటర్లు, సెటర్లు (ఒక విలువని చదవడానికి, మార్చడానికి విడిగా రాసే చిన్న ఫంక్షన్లు) తీసేయమని మీరన్నారు, తీసేశాను. రేపు విలువ మీద ఏదైనా చెక్ కావాలంటే ప్రాపర్టీ పెట్టుకోవచ్చు, అంటే బయటికి మామూలు విలువలా కనిపిస్తూ లోపల ఫంక్షన్ నడిచే ఏర్పాటు, వాడే చోట కోడ్ మారదు.

అసలు టెన్షన్ భాగహారం దగ్గర. మైనస్ 7ని 2తో భాగిస్తే జావా పూర్ణాంకాల్లో మైనస్ 3 వస్తుంది. పైథాన్‌లో రెండు స్లాష్‌లు పెడితే మైనస్ 4! జావా సున్నా వైపు కోస్తుంది, పైథాన్ కిందికి దించుతుంది. మైనస్‌లో వచ్చే వాపసు సరుకు లెక్క తేలనిది అందుకే.

విండోస్‌లో ఒడియా, తెలుగు ఖాతాదారుల పేర్లు చెడిపోవడం కూడా ఆగింది, ఫైల్ తెరిచేటప్పుడు యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనీ ఫైల్‌లో దాచే పద్ధతి) అని రాశాక.

టైప్ హింట్లు, అంటే ఇది అంకె, ఇది పేరు అని కోడ్‌లో రాసే సూచనలు, మాత్రం వదలను. రన్ అయ్యేటప్పుడు పైథాన్ వాటిని పట్టించుకోదు, నేను కోడ్ రాసే ఎడిటర్ ప్రోగ్రామ్ పట్టించుకుంటుంది.