మేయర్ గారి పనుల జాబితాలో మా వీధి కాలువ ఉందో లేదో చూడటం ఎలా?

వంశధార ఒడ్డు: మధ్యాహ్నం నుంచి దీని మీదే కూర్చున్నా, తల వాచిపోయింది. మా మేయర్ గారు ఈ ఏడాది చేయబోయే పనులని ఒక పీడీఎఫ్ పెట్టారు, రోడ్లు, కాలువలు, మంచినీటి పైపులు, దీపాలు అన్నీ కలిపి. అంతా ఒడియాలోనే ఉంది. నాకు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. కాపీ చేసి అనువాదంలో పెడితే ఇంగ్లీషు అక్షరాలు, కామాలు కలగాపులగంగా వస్తున్నాయి. వానలు దగ్గరపడ్డాయి, ఎవరైనా చెప్పండి.

పాత ఓవర్సీరు: ఏ ఊరు? ఎన్నో వార్డు?

కిమిడి కుర్రోడు: మన దక్షిణ ఒడిశా వైపు మేయర్ ఉండేది బరంపురంలోనే, అది కార్పొరేషన్ కాబట్టి. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ మునిసిపాలిటీలు, అక్కడ చైర్‌పర్సన్ ఉంటారు. 2022లో ఈ రెండు పదవులకీ మొదటిసారి జనమే నేరుగా ఓటేశారు. ఓటేసిన పదవేదో తెలియకపోతే ఎలాగండీ?

వంశధార ఒడ్డు: చైర్‌పర్సనే లెండి, మా ఇంట్లో అందరం మేయరనే అంటాం. నేనడిగింది అది కాదు కదా.

రాయగడ టీచరమ్మ: గంజాం, కొరాపుట్ 1936లో ఒడిశాలో కలిశాయి. ఇన్ని తరాలు గడిచాక కూడా చదవడం రాదంటే ఏమనుకోవాలి? పిల్లలకైనా నేర్పించండి.

కిమిడి కుర్రోడు: అమ్మా, ముందు తెలుగు బడుల సంగతి అడగండి.

ఫాంట్ల బాధితుడు: అది ఆకృతిలాంటి పాత ఫాంటులో టైపు చేసినది అయ్యుంటుంది, ఇప్పుడు అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ చదివే యూనికోడ్ అక్షరాలు కాదు. ఎంత కాపీ చేసినా అదే చెత్త వస్తుంది. పేజీ స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌కి ఇవ్వండి, బొమ్మగా చదివేస్తుంది.

పాత ఓవర్సీరు: వీధి పేరు వెతికితే దొరకదు బాబూ. ఇలాంటి జాబితాల్లో చాలా వరకు ఫలానా వారి ఇంటి నుంచి ఫలానా వారి ఇంటి దాకా అని రాస్తారు. మీ వీధి మొదట్లో, చివర్లో ఉన్న ఇళ్ళవాళ్ళ పేర్లు, గుడి, కొట్టు, ఇలా వెతకండి. ఇంకోటి, జాబితాలో ఉన్నంత మాత్రాన పని మొదలైనట్టు కాదు. ఎస్టిమేట్, టెండరు, వర్క్ ఆర్డరు అన్నీ అవ్వాలి. ఏ దశలో ఉందో ఆఫీసులో చెప్పకపోతే సమాచార హక్కు కింద అడగండి. ఒడిశాలో దానికి ‘ఫారం-ఎ’ అనే కాగితం నింపాలి. దరఖాస్తు తెలుగులో రాస్తే కుదరదు, ఇంగ్లీషులోనో హిందీలోనో ఒడియాలోనో రాయాలి. 30 రోజుల్లో జవాబివ్వాలి. పని జరుగుతుండగా వెళ్ళి చూసే హక్కు, సిమెంటూ ఇసుకా నమూనా తీసుకునే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి, ఎవరూ వాడరు.

కిమిడి కుర్రోడు: కొత్త సీసీ రోడ్డు వేసిన నెలకే పైపుల కోసం తవ్వేస్తే ఏ హక్కు కింద అడగాలి సార్?

పాత ఓవర్సీరు: అది వేరే చర్చ.

వంశధార ఒడ్డు: లెన్స్‌లో దొరికింది. గుడి నుంచి కిరాణా కొట్టు దాకా అట. మా ఇల్లు కొట్టుకి అవతల. అక్కడితో ఆపేస్తే ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయో రాయలేదు. సరే, థాంక్సండీ.

రాయగడ టీచరమ్మ: అదే ఒడియా వచ్చుంటే…