సొంత నగరంలో ఎవరూ తొంగిచూడని పేటలు: ఫొటోలు తీసేవారి అనుభవాలు

వీధిచివర:
పుట్టి పెరిగిన నగరంలోనే నేను ఎన్నడూ అడుగుపెట్టని పేటలు ఎన్నో ఉన్నాయని గ్రహించి, ఆరు నెలలుగా ప్రతి ఆదివారం ఉదయం కెమెరా భుజాన వేసుకుని ఒక్కొక్క పేటకు వెళ్తున్నాను. ఇప్పటికి ఇరవైకి పైగా తిరిగాను. అయితే ఇంటికి వచ్చి చూసుకుంటే ఫొటోలన్నీ ఒకే అచ్చులో పోసినట్లు ఉంటున్నాయి. పెచ్చులూడిన గోడ, తాళం వేసిన తలుపు, తుప్పుపట్టిన కిటికీ ఊచలు తప్ప వాటిలో మరొకటి లేదు. ఏ ఫొటో ఏ పేటలోదో నేనే చెప్పలేకపోతున్నాను.

మరొక విషయం కూడా ఉంది. పోయిన వారం ఒక సందులో గుమ్మం దగ్గర కూర్చున్న పెద్దావిడ, "ఏం బాబూ, రోడ్డు వెడల్పు చేస్తున్నారా? మా ఇళ్ళు కొట్టేస్తారా?" అని అడిగారు. అదేమీ లేదమ్మా, ఊరికే తీసుకుంటున్నానని చెప్పాను గానీ ఆవిడ ముఖంలో కలవరం పోలేదు. ఆ తర్వాత కెమెరా ఎత్తడానికి నాకు చెయ్యి రాలేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

నలుపుతెలుపు:
ఆవిడ భయానికి కారణం ఉందండి. ఇరుకు సందుల్లోకి కెమెరా మొదట అడుగుపెట్టింది చాలాచోట్ల కూల్చివేతకు ముందే. పారిస్‌లో కొత్త రహదారుల కోసం పాత వీధులను పడగొట్టే కాలంలో, 1862లో నగరపాలక ఫొటోగ్రాఫర్‌గా నియమితుడైన షార్ల్ మార్విల్ ఆ వీధులను 400కు పైగా ఫొటోల్లో నమోదు చేశాడు. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో థామస్ అన్నన్ 1868 నుంచి 1871 వరకు తీసిన సందుల ఫొటోలు కూడా, వాటిని తొలగించబోయే సంస్థ పురమాయించినవే. వెలుతురు సరిగా చొరబడని ఆ సందుల్లో ఎక్స్‌పోజర్, అంటే లెన్సును వెలుతురుకు తెరిచి ఉంచడం, చాలాసేపు ఇవ్వవలసి వచ్చింది కనుక, కదలకుండా నిలబడిన వారు స్పష్టంగానూ, కదిలినవారు పొగమరకల్లాగానూ పడ్డారు. ఆ మరకలను చూసినప్పుడల్లా, ఆ మనుషులను ఎవరైనా ఒక్క మాట అడిగి ఉంటారా అని నాకు అనిపిస్తుంది.

అందుకే "ఊరికే" అన్న జవాబు చాలదు. నేను ఎవరినో, ఎందుకు తీస్తున్నానో రెండు వాక్యాల్లో చెబుతాను, అప్పటికే తీసినవి చూపిస్తాను, వద్దంటే వారి ముందే తొలగిస్తాను. తరువాత వెళ్ళేటప్పుడు ఒక ప్రింటు తీసుకెళ్ళి ఇస్తాను. ప్రింటు చేతిలో పెట్టిన తరువాత ఆ వీధిలో నన్ను ఇంతవరకు ఎవరూ అనుమానంగా చూడలేదు.

పాదచారి:
వీధిచివర గారూ, ఆరు నెలల్లో ఇరవై పేటలు చూడటమే మీ చిక్కు అని నేను అనుకుంటున్నాను. ఒక్కసారి వెళ్ళినవారికి ఏ పేటైనా ముందుగా తన పాతదనాన్నే చూపిస్తుంది. నేను రెండేళ్ళుగా ఒకే సందుకు వెళ్తున్నాను, అది కూడా మొదటి రెండుసార్లు కెమెరా లేకుండానే.

అక్కడ ఒక నీలి తలుపు ఉంది. మొదట్లో రంగు బాగుందని తీశాను. నాలుగోసారి వెళ్ళినప్పుడు, నడుము ఎత్తులో ఎడమవైపు మాత్రమే రంగు అరిగిపోయి చెక్క బయటపడిందని గమనించాను. పక్కింటాయన రోజూ సైకిలును అక్కడే ఆనించి పెడతారు, హ్యాండిల్ రాసుకుని రాసుకుని అర్ధచంద్రంలా గీత పడింది. ఆ గీతకు దగ్గరగా వెళ్ళి తీసిన ఫొటోలో మనిషి లేకపోయినా, ఆ ఇద్దరు ఇరుగుపొరుగుల సఖ్యత మొత్తం కనిపిస్తుంది. ఆదివారం ఉదయం మాత్రమే వెళ్తే మూసిన తలుపులే కనిపిస్తాయి కనుక, మామూలు రోజు సాయంత్రం కూడా వెళ్ళి చూడండి.

కిటికీ:
సాంకేతికంగా ఒక్క మాట. ఇరుకు సందులో ఫోనును పైకి వంచితే గోడలు వెనక్కి పడిపోతున్నట్లు వస్తాయి. ఫోనును నిటారుగా పట్టుకుని, వీలైనంత వెనక్కి జరిగి, కింద మిగిలిన నేలను తరువాత కత్తిరించుకుంటే సరిపోతుంది. పాత పారిస్‌ను దాదాపు మూడు దశాబ్దాలు ఫొటోలు తీసిన ఎజెన్ అట్జే ఇందుకోసమే కెమెరాను వంచకుండా లెన్సును మాత్రం పైకి జరిపేవాడు. ఆయన ఫొటోలు కొన్నింటిలో పై మూలలు నల్లగా ఉండటానికి కారణం అదే.

గోడగడియారం:
పాదచారి గారి మాటకు కొనసాగింపుగా చెబుతున్నాను. మళ్ళీ మళ్ళీ వెళ్ళేవారు సరిగ్గా అదే చోట నిలబడి తీయగలిగితే, రెండు ఫొటోల మధ్య వచ్చిన మార్పు దానంతట అదే బయటపడుతుంది. ఆ చోటును అడుగులు లెక్కపెట్టి పట్టుకోలేము. పాత ఫొటోలో దగ్గరి వస్తువు అంచు, దూరపు వస్తువు అంచు ఒకదానితో ఒకటి కలిసిన జంటను వెతకండి. ఉదాహరణకు, స్తంభం అంచు వెనకనున్న కిటికీ అంచుకు తగిలి ఉంటే, మీరు ఆ రెండింటినీ కలిపే గీత మీదే ఎక్కడో నిలబడ్డారన్నమాట. ఫ్రేములో మరోవైపు ఇలాంటి జంట ఇంకొకటి దొరికితే, రెండు గీతలు కలిసిన బిందువే మీ చోటు. నీడలు కూడా కలవాలంటే ఏడాదిలో అదే కాలాన, అదే వేళకు వెళ్ళాలి.

వీధి పేరు, ఏ దిక్కుకు తిరిగి తీశారన్నది ఆ రోజే రాసి పెట్టుకోండి. తేదీ, సమయం ఫైలులో ఉంటాయి గానీ, మెసేజ్ యాప్‌ల ద్వారా పంపినప్పుడు అవి తరచుగా పోతాయి. అలాగే లొకేషన్ ఆన్‌లో ఉంటే ఆ ఇంటి అక్షాంశ రేఖాంశాలు కూడా ఫైలులో చేరతాయి కనుక, ఇతరుల ఇళ్ళ ఫొటోలు బయట పెట్టేముందు వాటిని తప్పనిసరిగా తీసివేయండి.

వీధిచివర:
అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినట్లే ఈసారి కొత్త పేటకు వెళ్ళకుండా, ఆ సందు ఫొటో ఒకటి ప్రింటు తీయించుకుని నిన్న సాయంత్రం పెద్దావిడ దగ్గరకు వెళ్ళాను. ఆవిడ దానిని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, తమ ఇంటిని వదిలేసి, నేను పాతబడిందని తీసిన ఎదురింటి తాళం తలుపు మీద వేలు పెట్టారు. అందులో ఉండేవారు ఎప్పుడు వెళ్ళిపోయారో, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో అరగంట చెప్పారు. అదంతా ఆవిడ ఎదుటే నోటుపుస్తకంలో రాసుకున్నాను. ప్రింటు వెనక తేదీ వేయమని అడిగి వేయించుకున్నారు. లేచి వస్తుంటే, "ఈసారి పొద్దున్న పది దాటాక రా బాబూ, అప్పటికి మా గుమ్మంలో ఎండ పడుతుంది" అన్నారు.