పడుకుంటే ఆక్సిజన్ 95, కూర్చుంటే 88: ఊపిరితిత్తుల ఏవీఎంకి ఏ సీటీ తీయించాలి?

మాది హిందూపురం, ఉండేది బెంగళూరు మారతహళ్ళిలో. మా అక్కకి 34 ఏళ్ళు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింద గుండ్రటి మచ్చ చూసి, ఊళ్ళో డాక్టరు టీబీ అనుకుని ఆరు నెలలు మందులు మింగించారు. మచ్చ అలాగే ఉంది. లేచి కూర్చుంటే ఆక్సిజన్ పడిపోతోంది. మెషీన్ పాడైందేమోనని బ్యాటరీలు కూడా మార్చాను!

ఇక్కడ బబుల్ ఎకో (నరంలోంచి సెలైన్ బుడగలు ఎక్కించి చేసే గుండె స్కాన్) చేశారు. సెలైన్ బుడగలు ముందు గుండె కుడివైపు నిండాయి, గుండె నాలుగైదుసార్లు కొట్టుకున్నాక ఎడమవైపూ మెరిశాయి. నేనూ స్క్రీన్ మీద చూశాను. ఊపిరితిత్తుల్లో ధమని నేరుగా సిరలో కలిసిపోయి ఉండొచ్చు (దీన్నే ఏవీఎం అంటారట), సీటీ తీయించండి అన్నారు. అక్కకి చిన్నప్పట్నుంచీ ముక్కులోంచి రక్తం కారేది. వేడి చేసిందని అమ్మమ్మ సబ్జా నీళ్ళు తాగించేది. అది చెప్పగానే డాక్టరు హెచ్‌హెచ్‌టీ అనే వంశపారంపర్య రక్తనాళాల జబ్బు పేరెత్తారు.

సన్నటి స్లైసులతో మామూలు సీటీ చాలు అని డాక్టరు, కాంట్రాస్ట్ (నరంలోకి ఎక్కించే రంగు మందు) ఉండాల్సిందే అని స్కాన్ సెంటర్. మీకెలా తీశారు? కాంట్రాస్ట్ ఎక్కిస్తే గాలి బుడగ వెళ్ళకుండా లైన్‌కి ఫిల్టర్ పెట్టమని మనమే అడగాలా? ఆ ఏవీఎంని కాయిల్‌తో (సన్నటి తీగ చుట్టతో) మూయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, తర్వాత ఆక్సిజన్ ఎంతకి వచ్చిందో చెప్పండి. అన్నట్టు, నాకూ అప్పుడప్పుడు ముక్కులోంచి రక్తం వస్తుంది. నేనూ బబుల్ ఎకో చేయించుకోవాలా?