గోలి వేసుకున్నా పది రోజులకే దురద మళ్లీ వచ్చింది, ఏం చేయాలి?

హనుమకొండ (అడిగినవారు): రాత్రి పదకొండు నుంచి రెండున్నర దాకా ఫోన్‌లో చదివాను, తల తిరిగిపోయింది. ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకోటి. మెడికల్ షాప్‌లో ఫ్లుకోనజోల్ 150 అనే ఫంగస్ గోలి ఒక్కటి ఇచ్చారు. మూడు రోజుల్లో తగ్గింది, పది రోజులకు మళ్లీ అదే దురద, అదే మంట. ఇంకోటి వేసుకోవచ్చా? ట్యూబ్ కూడా పూస్తున్నాను. నిద్ర లేదు, ఎవరైనా చెప్పండి.

నర్సంపేట: దురద ఎక్కడ? గజ్జల్లో తామరనా?

జనగామ: షుగర్ చూపించుకోండి.

కాజీపేట: ముందు ఆ ట్యూబ్ మీద ఏం రాసుందో చదవండి. క్లోబెటసాల్ అని ఉంటే అది స్టెరాయిడ్. మా తమ్ముడు తొడల దగ్గర తామరకు రెండు నెలలు అదే పూశాడు. పూసినన్ని రోజులు ఎరుపు పోయినట్టే ఉండేది, ఆపగానే రెండింతలు పాకేది. చర్మం పలచబడి చారలు పడ్డాయి, అవి ఇప్పటికీ పోలేదు. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన ట్యూబ్‌ను డాక్టర్ రాయకుండా అస్సలు కొనకండి. నేను ఎక్కడైనా ఇదే చెప్తాను.

హనుమకొండ: తామర కాదక్కా, తెల్లబట్ట. పాలు విరిగినట్టు ముక్కలుగా పడుతోంది, వాసన లేదు. మూత్రానికి పోతే భగ్గుమంటోంది. ట్యూబ్ మీద క్లోబెటసాల్ అనే ఉంది.

భూపాలపల్లి: ఒంట్లో వేడి చేసింది. సబ్జా గింజలు నానబెట్టి తాగండి. అయినా తెల్లబట్ట ఆడవాళ్లందరికీ అయ్యేదే, దాన్ని జబ్బు అనకండి.

నర్సంపేట: అందరికీ అయ్యేది వేరక్కా. నెల మధ్యలో జిగటగా, దురద లేకుండా వచ్చేది మామూలే. ఈమె చెప్పేది క్యాండిడా అనే యీస్ట్‌లా ఉంది, అదొక రకం ఫంగస్. అది చాలామందికి లోపల కొద్దిగా ఉండనే ఉంటుంది, అక్కడి మంచి బ్యాక్టీరియా దాన్ని పెరగనివ్వదు. వేడికీ దీనికీ సంబంధం లేదు. చేపల వాసన వస్తే అది బ్యాక్టీరియాతో వచ్చేది, పచ్చగా నురగలా పడితే ఇంకోటి. వాటికి ఈ గోలి పనిచేయదు.

కాజీపేట: తామరకూ, దీనికీ క్లోట్రిమజోల్ అనే ఫంగస్ మందే ఇస్తారు కదా, రెండూ ఒకటే.

నర్సంపేట: మందు ఒకటైతే జబ్బు ఒకటైపోదు. తామర కూడా ఫంగసే, కానీ యీస్ట్ కాదు. గజ్జి అయితే అసలు ఫంగసే కాదు, కంటికి ఆనని పురుగు. మన దగ్గర మూడింటికీ ఒకే ట్యూబ్ పూయడం వల్లే ఇన్ని తిప్పలు. చెల్లె, ఈ మధ్య యాంటీబయాటిక్ ఏమైనా వాడావా?

హనుమకొండ: నెల కింద పన్ను వాచి వారం రోజులు వాడాను. ఐదో నెల కదా, అందుకే నొప్పి గోలీలు ఎక్కువ వద్దన్నారు.

నర్సంపేట: ఐదో నెలా! ఇది మొదటే చెప్పాలి చెల్లె. ఆ గోలి ఇంకోటి వేసుకోకు. కడుపుతో ఉన్నవాళ్లకు ఫ్లుకోనజోల్ నోటితో మామూలుగా ఇవ్వరు. వేసుకున్న ఒక్కదానికి భయపడకు, కానీ డాక్టరమ్మకు దాచకుండా చెప్పు. చూశాక ఎక్కువగా లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ 100 గోలీలు రాస్తారు, ఏడు రాత్రులు. రెండో రోజుకే హాయిగా ఉన్నా మధ్యలో ఆపొద్దు. ట్యూబ్ ఇవాళే ఆపు. సబ్బుతో లోపల కడగొద్దు. నేను పీహెచ్‌సీలో పదకొండేళ్లుగా నర్సును, ఇట్లా మెడికల్ షాప్ గోలీలతో నెట్టుకొచ్చినవాళ్లను చాలామందిని చూశాను, అందుకే గట్టిగా చెప్తున్నా.

జనగామ: అందుకే షుగర్ అన్నాను. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చూస్తారు. 140 గానీ అంతకు మించి గానీ ఉంటే గర్భంలో షుగర్. చక్కెర ఎక్కువుంటే ఈ యీస్ట్ ఊరికే తగ్గదు.

హనుమకొండ: మూడో నెలలో చేశారు, మామూలే అన్నారు.

జనగామ: 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ చేయించాలి.

భూపాలపల్లి: మరి వాళ్లాయనకు కూడా మందు ఇవ్వాలా?

నర్సంపేట: ఆయనకు దురద, ఎరుపు లేకపోతే అక్కర్లేదు.

భూపాలపల్లి: సబ్జా నీళ్లు తాగొచ్చో లేదో కూడా డాక్టరమ్మను అడగండి.

హనుమకొండ: పొద్దున దవాఖానకు పోతున్నాం. థ్యాంక్స్ అక్కా.

కాజీపేట: ట్యూబ్ పారేశావా లేదా చెప్పలేదు.