అపాచీలో ఒక సైట్ బయటి అడ్రస్‌పైన, మరొకటి లోపలి అడ్రస్‌పైన మాత్రమే నడవాలంటే లిజన్ వరుసలు ఎలా రాయాలి?

ప్రశ్న

నమస్కారం. నేను చూసుకునే డెబియన్ (ఒక లైనక్స్ రకం) సర్వర్‌కు రెండు ఐపీ అడ్రస్‌లు ఉన్నాయి. ఇంటర్నెట్ వైపు 203.0.113.10, లోపలి నెట్‌వర్క్ వైపు 10.0.0.5. అందరికీ కనిపించవలసిన వెబ్‌సైట్ పోర్ట్ 80లో నడవాలి. అడ్మిన్ పేజీలు మాత్రం లోపలి నెట్‌వర్క్ నుంచే, పోర్ట్ 8080లోనే తెరుచుకోవాలి. వెబ్ సర్వర్ ప్రోగ్రామ్‌గా అపాచీ 2.4 వాడుతున్నాను.

10.0.0.5:8080 పేరుతో వర్చువల్ హోస్ట్ బ్లాక్ (ఒక్కో సైట్ అమరికలు రాసే భాగం) రాసి సర్వర్‌ను రీస్టార్ట్ చేశాను. ఎర్రర్ ఏదీ రాలేదు గానీ, బ్రౌజర్‌లో మాత్రం కనెక్షన్ నిరాకరించబడిందనే వస్తోంది. సరే, అడ్రస్‌లను విడివిడిగా చెబుదామని పోర్ట్‌ల ఫైల్‌లో అప్పటికే ఉన్న "లిజన్ 80" (ఏ అడ్రస్‌లో, ఏ పోర్ట్‌లో వినాలో సర్వర్‌కు చెప్పే Listen వరుస) కింద "లిజన్ 203.0.113.10:80" అని చేర్చాను. ఈసారి సర్వర్ అసలు మొదలే కావడం లేదు. లాగ్‌లో 98వ నంబర్ ఎర్రర్, అంటే అడ్రస్ ఇప్పటికే వాడుకలో ఉందన్న సందేశం, కనిపిస్తోంది. పోర్ట్ 80ని వేరే ఏ ప్రోగ్రామూ వాడడం లేదని సరిచూసుకున్నాను. మరి ఆ అడ్రస్‌ను పట్టుకుని ఉన్నది ఎవరు?

మొదటి జవాబు

పట్టుకుని ఉన్నది అపాచీయే. అడ్రస్ లేకుండా "లిజన్ 80" అని రాస్తే, ఆ యంత్రానికి ఉన్న అన్ని అడ్రస్‌లలోనూ పోర్ట్ 80 కావాలని కెర్నల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగాన్ని) అడిగినట్టే. అందులో 203.0.113.10 కూడా కలిసే ఉంటుంది కాబట్టి, రెండవ వరుస అదే స్థలాన్ని మళ్లీ అడుగుతోంది. ఇలా ఒకదానిపై ఒకటి పడే లిజన్ వరుసలు ఉంటే అపాచీ ప్రారంభం కాకుండా ఆగిపోతుంది.

మీ మొదటి సమస్య వేరు. వర్చువల్ హోస్ట్ బ్లాక్ ఏ పోర్ట్‌నూ తెరవదు. సాకెట్‌ను, అంటే కనెక్షన్లు అందుకునే ద్వారాన్ని, తెరిచేది లిజన్ వరుస ఒక్కటే. కనెక్షన్ లోపలికి వచ్చిన తరువాత, అది ఏ అడ్రస్‌కు, ఏ పోర్ట్‌కు వచ్చిందో చూసి, ఏ సైట్ అమరికలు వర్తించాలో నిర్ణయించడం వరకే వర్చువల్ హోస్ట్ పని. 8080లో వినే సాకెట్ లేదు కాబట్టి మీ బ్రౌజర్ అభ్యర్థనను కెర్నలే తిప్పి పంపింది. అది అపాచీ వరకు చేరలేదు కనుక యాక్సెస్ లాగ్‌లోనూ దాని జాడ ఉండదు.

మీ అవసరానికి పాత "లిజన్ 80" తీసివేసి ఈ రెండు వరుసలు ఉంచండి:

లిజన్ 203.0.113.10:80
లిజన్ 10.0.0.5:8080

రెండవ వరుసలో అడ్రస్ తప్పకుండా ఉండాలి. కేవలం "లిజన్ 8080" అని రాస్తే ఆ పోర్ట్ ఇంటర్నెట్ వైపు కూడా తెరుచుకుంటుంది. బయటి నుంచి వచ్చిన అభ్యర్థన మీ వర్చువల్ హోస్ట్ అడ్రస్‌తో సరిపోలదు కాబట్టి అడ్మిన్ పేజీలు కనిపించకపోవచ్చు, కానీ దానికి ప్రధాన సర్వర్ అమరికల ప్రకారం జవాబు వెళుతుంది. అక్కడ ఏమి బయటపడుతుందో చాలామంది చూసుకోరు. అడ్మిన్ సైట్‌ను పోర్ట్ 80లోనే వేరే పేరుతో పెట్టి, ఆ పేరు బయట ఎవరికీ తెలియదులే అనుకోవడం ఇంకా ప్రమాదకరం. అభ్యర్థనలో సైట్ పేరు చెప్పే హోస్ట్ హెడర్‌లో ఏ పేరు రాయాలన్నది పూర్తిగా పంపేవారి చేతిలో ఉంటుంది.

అడ్రస్‌లను ఇలా పేరుపేరునా చెప్పినప్పుడు మరో రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఆ యంత్రం లోపలే 127.0.0.1:80ను (యంత్రం తనను తాను పిలుచుకునే అడ్రస్‌ను) అడిగి సర్వర్ బాగుందో లేదో చూసే స్క్రిప్ట్ ఏదైనా ఉంటే అది విఫలమవుతుంది. దాని కోసం ఇంకో లిజన్ వరుస కావాలి. అలాగే ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ అడ్రస్‌లు) ద్వారా వచ్చే సందర్శకులు ఉంటే ఆ అడ్రస్‌ను కూడా విడిగా చేర్చాలి. అందులో కోలన్లు ఉంటాయి కాబట్టి [::1]:80 తరహాలో చదరపు బ్రాకెట్లలో పెట్టాలి.

ప్రశ్న అడిగినవారు

వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. ఒక సందేహం. మొదట నేను చేర్చిన వరుస తీసేసి, "లిజన్ 80" ఒక్కదానితోనే సర్వర్‌ను నడిపించాను. ఆ తరువాత ఫైల్‌ను మీరు చెప్పినట్టు మార్చి, కాన్ఫిగరేషన్ పరీక్ష చేస్తే సింటాక్స్ సరిగ్గా ఉందనే వచ్చింది. కానీ సందర్శకులకు అంతరాయం కలగకూడదని గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్ (నడుస్తున్న కనెక్షన్లను తెంచకుండా చేసే రీస్టార్ట్) ఇస్తే, మళ్లీ అదే 98 ఎర్రర్‌తో సర్వర్ ఆగిపోయింది. ఇప్పుడు ఒకే పోర్ట్‌ను రెండుసార్లు అడిగే వరుసలు లేవు కదా?

రెండవ జవాబు

వరుసలు సరిగ్గానే ఉన్నాయి. రీస్టార్ట్ సమయంలో కొత్తగా వచ్చే కనెక్షన్లు తిరస్కరణకు గురికాకూడదని, అపాచీ పాత సాకెట్లను మూయకుండా అలాగే పట్టుకుని ఉంచి కొత్త అమరికలను చదువుతుంది. అన్ని అడ్రస్‌లపై 80ని పట్టుకున్న పాత సాకెట్ ఇంకా తెరిచే ఉండగా, ఒక్క 203.0.113.10పై 80ని కొత్తగా అడిగితే కెర్నల్ ఒప్పుకోదు. లిజన్ వరుసల్లో ఇలాంటి మార్పు చేసినప్పుడు సర్వర్‌ను పూర్తిగా ఆపి, మళ్లీ మొదలుపెట్టడమే మార్గం. ఆ కొద్ది క్షణాల అంతరాయం తప్పదు కాబట్టి రద్దీ తక్కువగా ఉన్న వేళ చేయండి.

కాన్ఫిగరేషన్ పరీక్ష ఫైల్ రాసిన తీరును మాత్రమే చూస్తుంది. సాకెట్లను తెరిచి చూడదు. అందువల్ల ఈ తరహా చిక్కులు దానికి ఎప్పటికీ దొరకవు.

సర్వర్ లేచాక "ఎస్ఎస్ -ఎల్‌టీఎన్‌పీ" (ss -ltnp) ఆదేశంతో ఏ అడ్రస్‌లో, ఏ పోర్ట్‌లో, ఏ ప్రాసెస్ వింటోందో చూడండి. మునుపు "లిజన్ 80" ఉన్నప్పుడు అక్కడ *:80 అని ఒకే వరుస కనిపించి ఉంటుంది. లైనక్స్‌లో అపాచీ మామూలుగా ఒకే ఐపీవీ6 సాకెట్‌తో ఐపీవీ4 కనెక్షన్లను కూడా స్వీకరిస్తుంది కాబట్టి, ఐపీవీ4కు విడిగా వరుస లేదని కంగారు పడనవసరం లేదు. ఇప్పుడు మాత్రం 203.0.113.10:80, 10.0.0.5:8080 అని రెండు స్పష్టమైన వరుసలు కనిపించాలి. 8080 ముందు, *:8080 అని, నక్షత్రం గుర్తు కనిపిస్తే, ఎక్కడో ఇంకొక ఫైల్‌లో అడ్రస్ లేని లిజన్ వరుస మిగిలి ఉన్నట్టే.

మూడవ జవాబు

పై జవాబులతో ఏకీభవిస్తూ ఒక్క విషయం చేరుస్తాను. 98 ఎర్రర్‌కు తోడు 99 కూడా ఉంది. అది, అడిగిన అడ్రస్ ఈ యంత్రానికి చెందినది కాదని కెర్నల్ చెప్పే మాట. క్లౌడ్ సర్వర్లలో బయటి ఐపీ తరచుగా యంత్రంపై ఉండదు. బయట ఉన్న నెట్‌వర్క్ పరికరం దానిని లోపలి అడ్రస్‌కు మార్చి పంపుతుంది. అలాంటి చోట లిజన్ వరుసలో ఆ బయటి అడ్రస్ రాస్తే సర్వర్ లేవదు. యంత్రంపై నిజంగా ఉన్న లోపలి అడ్రస్‌నే రాసి, బయటివారిని 8080కు రానివ్వకుండా ఫైర్‌వాల్‌లో ఆపాలి.

యంత్రం బూట్ అయ్యేటప్పుడు కూడా ఇదే ఎర్రర్ రావచ్చు. 10.0.0.5 డీహెచ్‌సీపీ (నెట్‌వర్కే అడ్రస్‌ను కేటాయించే పద్ధతి) ద్వారా వచ్చే అడ్రస్ అయితే, అది అందకముందే అపాచీ మొదలై విఫలమవుతుంది. మీరు చేత్తో మొదలుపెట్టినప్పుడు మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా లేస్తుంది. అందువల్ల నెట్‌వర్క్ పూర్తిగా సిద్ధమయ్యాకే అపాచీ మొదలయ్యేలా సిస్టమ్‌డీలో (లైనక్స్‌లో సేవలను మొదలుపెట్టే ప్రోగ్రామ్‌లో) క్రమం పెట్టి, ఒకసారి యంత్రాన్నే రీబూట్ చేసి చూడండి.